ఇంటిపేరు రెండొందల పదిహేడు

విదియ

నంబర్ల గదిలో రోజూ రాయవలసిన చిట్టా ఇది. రాయమన్నవాళ్ళు ఎంత రాయాలో, ఏది రాయకూడదో చెప్పలేదు కాబట్టి నా చిత్తం వచ్చినట్టు రాస్తున్నాను.

పొద్దున్నే గది అడుగున పట్టిన గుల్లలు గీకాను. నాలుగు రోజులు ఊరుకుంటే చాలు, గది బరువెక్కి ఒక పక్కకు ఒరిగిపోతుంది. సముద్రం మీద తేలే ఊరు కనక మాది తేలూరు. పేరు విన్న కొత్త చుట్టాలు తేళ్ళుంటాయేమోనని కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంటారు. తేళ్ళు లేవు. మా అత్త పోలమ్మ ఉంది.

తరవాత ఎనభయ్యోవారి అన్నదమ్ముల పంచాయితీ. తమ్ముడు వేరు కాపురం పెట్టి, కొత్త ఇంటికి కూడా అన్న ఇంటి నంబరే వేసుకున్నాడు. మా ఊళ్ళో మంచినీళ్ళయినా, దీపమైనా, తలుపు గొళ్ళెమైనా నంబరు చూసుకునే ఇంటికి చేరతాయి. తమ్ముడు స్నానానికి వేణ్ణీళ్ళడిగితే అవి అన్న వంటింట్లో పడ్డాయి. వదిన రుబ్బుకున్న పిండి కాస్తా గంజి అయింది. తమ్ముడికి ఎనభై మూడు ఇచ్చాను. అతను ఏడ్చినంత పని చేశాడు.

"ఇంటిపేరు మార్చీసినావు గదప్పా!"

నిజమే మరి. ఇక్కడ ఇంటి నంబరే ఇంటిపేరు. ఊరు కట్టిన కొత్తలో పొగమంచుకు మనిషికి మనిషి కనబడక మైకుల్లో నంబర్లతో పిలుచుకునేవారట. అవే అతుక్కుపోయాయి. నేను పన్నెండోవారి ఆడపిల్లని. తాతారావును పెళ్ళి చేసుకుని రెండొందల పదిహేడు నూకరత్నాన్ని అయ్యాను.

చవితి

చెల్లి పైడితల్లి రేడియోలో పలికింది. నా పెళ్ళయిన ఏడాదికి అది గాలిపేట కోడలై వెళ్ళింది. అదీ తేలే ఊరే, ఒకటే పెద్ద తెప్ప మీద యాభై ఇళ్ళు. దాని పిల్లలిద్దరినీ గొంతులుగా తప్ప నేను ఎరగను.

"అప్పా, తుపానుకి మా గొలుసులు తెగిపోనాయి," అంది. "తెప్ప మొత్తం టగ్గు పడవోడు లాక్కొస్తన్నాడు. మూడూళ్ళు అడిగినాం. ఎవులూ సోటు లేదన్నారు. ఇంక మీ ఊరే. పున్నమి పోటుకి మీరు కట్టుకోకపోతే దీవులవతలకి లాక్కెల్లి వదిలేత్తాడంట. అక్కడికి రేడియో కూడా అందదప్పా."

"మీ బావ తాడందుకుంటాడు. నువ్వు పిల్లల్ని సూసుకో," అన్నాను.

తాడు ఉంది. రేవులో చోటూ ఉంది. లేనివి నంబర్లు. నంబరు లేని ఇంటిని ఎంత గట్టిగా కట్టినా దానికి చుక్క నీరు అందదు. రేడియో కట్టేశాక చాలాసేపు ఏ పనీ చెయ్యబుద్ధి కాలేదు. ఆ గొంతు ఇక వినబడదంటే నేను తట్టుకోలేను. అంతే, ఇందులో దాపరికం లేదు.

షష్ఠి

ఊళ్ళన్నిటినీ కలిపే తీగల అల్లికను మేం వల అంటాం. ఆ వలకు ఒడ్డు మీద ఒక ఆఫీసుంది. ఇంకో రెండొందల యాభై ఆరు నంబర్లు ఇప్పించమని అడిగాను.

మాకు అన్నే ఎందుకున్నాయంటే, పూర్వం నంబర్లను తరగతుల లెక్కన పంచేవారు. మొదటి తరగతికి కోటీ అరవై లక్షల పైచిలుకు, రెండో తరగతికి అరవై అయిదు వేల పైచిలుకు, మూడో తరగతికి రెండొందల యాభై ఆరు. మధ్యలో ఏమీ లేదు. బట్టల కొట్లో ఏనుగుకో చొక్కా, ఎద్దుకో చొక్కా, ఎలుకకో చొక్కా పెట్టుకుని కూర్చున్నట్టు. మూడొందల ఇళ్ళున్న ఊళ్ళు ఎద్దు చొక్కా పట్టుకుపోయాయి. వాళ్ళు వాడని నంబర్లు అలాగే మురిగిపోయాయి. మాది మూడో తరగతి ఊరు. సున్నా దగ్గర మొదలై రెండొందల యాభై అయిదు దగ్గర అయిపోతాం.

ఆఫీసువాళ్ళ జవాబు సాయంత్రానికే వచ్చింది. "తరగతులు ఎప్పుడో ఎత్తేశాం. కొత్త నంబర్లు లేవు. ఉన్నవి అవసరం కొద్దీ కోసుకుని సర్దుకోండి."

లేదనడంలో ఎంత చురుకో! అయితే కోసుకోండి అన్న మాట మాత్రం నాకు పనికొచ్చింది.

అష్టమి

ఊరి పెద్ద గురువులు మావ దగ్గర సభ పెట్టించాను.

మా తాతలు ఊరి నంబర్లను ముప్ఫై రెండు చొప్పున ఎనిమిది వీధులకు సమానంగా కోశారు. ఒక ఇళ్ళ వీధి, దాని పక్కన ఒక పనుల వీధి, మళ్ళీ ఇళ్ళు, మళ్ళీ పనులు. ప్రతి వీధిలోనూ మొదటి నంబరు వీధికే పేరు, ఆఖరి నంబరు దండోరా. దండోరా నంబరుకు ఏం చెప్పినా వీధంతా వింటుంది. ఆ రెండూ ఎవరికీ ఇవ్వం. ఇళ్ళ వీధులు నాలుగూ కిటకిటలాడుతున్నాయి. పనుల వీధుల్లోనేమో ఈగలు తోలుకుంటున్నారు. వంటశాలకు కావలసినవి పది, ఆసుపత్రికి ఆరు, మంచినీళ్ళ యంత్రానికి రెండు, దీపస్తంభానికి రెండు. దీపస్తంభం సింహాద్రి మిగిలిన వాటిలో ఒకటి తన పిల్లికి ఇచ్చాడు. అది మ్యావ్ అంటే దాని తలుపు అదే తీసుకుంటుంది.

"తా దూర సందు లేదు, మెడకో డోలంట," అన్నాడు గురువులు మావ. "మనకే సాలవు. యాభై ఇళ్ళోళ్ళని ఎక్కడ పెడతావే?"

"సాలవని కాదు మావా, కోత బాగోలేదు. వంటశాలకి పదహారు, ఆసుపత్రికి ఎనిమిది, నీళ్ళకి నాలుగు, దీపానికి నాలుగు కోత్తాను. నాలుగూ కలిపి ఒక్క వీధిలో సరిపోతాయి. మూడు వీధులు కాళీ అవుతాయి."

"తాతలు సమానంగా పంచినారు. ఎక్కువ తక్కువ కోత్తే రేపు తగూలు రావా?"

మావకు అన్నమంటే ప్రాణం. ఊళ్ళో ఆయనంత తినేవాడు లేడు.

"నీకూ, నీ మనవరాలికీ అన్నం సమానంగా వడ్డిత్తే ఊరుకుంటావా మావా?"

సభ సభంతా నవ్వింది. ఆయనా నవ్వాడు, పొట్ట తడుముకుంటూ.

ప్రతి నంబరుకూ ఒక మాస్కుంటుంది. ఈ వీధి ఎంతవరకో ఇంటికి చెప్పేది అదే. ఇంతకాలం ఊరంతటికీ ఒకటే మాస్కు. ఇకమీదట ఏ వీధి కొలత దానిది. సింహాద్రి ఒక్కడే ఒప్పుకోలేదు. పిల్లి ఇంటిపేరు పోతుందని ఆయన బాధ. పిల్లికి నంబరెందుకయ్యా, తలుపుకి కన్నం పెట్టుకో అని తీర్మానం చేశారు. అన్నిటికన్నా పెద్ద షరతు గురువులు మావ ఆఖర్న చెప్పాడు. పనుల వీధులు ఎలా జరిపినా ఫరవాలేదు గాని, ఇళ్ళ వీధిని కదిపితే ఆ వీధిలో ఉండే ప్రతి ఇల్లూ సరేననాలట. ఒక్క ఇల్లు వద్దన్నా వీధి కదలదు.

దశమి

పనుల వీధులు నాలుగింటినీ ఒక్కదానిలోకి తెచ్చాను. ముందు వంటశాల, తరవాత ఆసుపత్రి, ఆ తరవాత నీళ్ళు, దీపం. పెద్దది ముందు కూర్చుంటే చిన్నవి సందుల్లో చక్కగా ఇమిడాయి. పిల్లి తలుపు బయట కూర్చుని నన్ను తిట్టింది.

ఇప్పుడు మూడు వీధులు ఖాళీ. చెల్లెలి తెప్పకు అరవై నాలుగు నంబర్లు ఒకేచోట కావాలి, ఎందుకంటే తెప్ప మొత్తానికి తీగ ఒకటే. ఒక తీగ మీద ఒకే వీధి ఉండాలి. ఖాళీ వీధులేమో పక్కపక్కన లేవు, మధ్యలో ఇళ్ళున్నాయి. నూట అరవై నుంచి ఒక ఖాళీ. దాని పక్కన నూట తొంభై రెండు నుంచి మా వీధి. మా తరవాత మళ్ళీ ఖాళీ. మేం ఒక వీధి అవతలకు జరిగితే నూట అరవై నుంచి రెండొందల ఇరవై మూడు దాకా, సరిగ్గా అరవై నాలుగు.

ఇంటింటికీ తిరిగి, "కొంచెం సర్దుకోండి" అన్నాను. ఈ మాటలో ఏం మహిమ ఉందో గాని మనవాళ్ళు కాదనలేరు. రేవు పడవలో ముగ్గురి బల్ల మీద ఐదుగురు కూర్చునేది ఈ ఒక్క మాటతోనే. ఇంటిపేరుకు ముప్ఫై రెండు కలుపుకోవడమే, ఇరుగుపొరుగు మారరు అని చెప్పాను. అందరూ సరేనన్నారు. భయపడింది మా అత్త గురించి. ఆవిడ చేపల బుట్ట లోంచి తలెత్తకుండానే, "పక్కకి జరగటమే గదేటి. జరుగుదాం," అంది. నా చెవులను నేనే నమ్మలేదు.

అందరం మారాం. మేం ఇప్పుడు రెండొందల నలభై తొమ్మిదోవాళ్ళం. చెల్లికి చెబితే అవతల పిల్లలు కేరింతలు కొట్టారు.

ద్వాదశి

నా తల పగలగొట్టుకోవాలి.

తెప్ప వచ్చేలోగా పరీక్ష చేద్దామని గదిలో బల్ల మీద యాభై దీపాలు పెట్టి కొత్త నంబర్లు ఇచ్చి, దండోరా వేశాను. సగం వెలిగాయి. తీగలు మార్చాను. సగమే. బల్లను తన్నాను. కాలు నొప్పెట్టింది, దీపాలు సగమే.

అప్పుడు గుర్తొచ్చింది, ఈ పని నేర్చుకున్న మొదటి వారంలోనే చెప్పిన సంగతి. ఊరి నంబర్లను కోయడమంటే చీరను సగానికి మడిచి మడత దగ్గర చింపడం. మొదటి మడత నూట ఇరవై ఎనిమిది దగ్గర పడుతుంది. ఇంకోసారి మడిస్తే అరవై నాలుగు దగ్గర, నూట తొంభై రెండు దగ్గర. అరవై నాలుగు నంబర్ల ముక్క ఆ మడతల మధ్యనే రావాలి. నేను తీసిన ముక్కకు సరిగ్గా నడుం మీద నూట తొంభై రెండు మడత ఉంది. సగం అటు, సగం ఇటు. లెక్కకు అరవై నాలుగే, కాని ఒక వీధి కాదు.

సర్దుకోవడం బల్ల మీద పనికొస్తుంది. మడతలో పనికిరాదు. మేం వెనక్కి రావాలి, మా పాత చోటుకు కాదు, దానికి ఇవతల నూట అరవైలోకి. అప్పుడు నూట తొంభై రెండు నుంచి ఊరి చివరిదాకా మొత్తం ఒక్క ముక్కగా తెప్పకు వస్తుంది. మా వీధికి రెండో ఇంటిపేరు అలవాటు కాకుండానే మూడోది.

త్రయోదశి

వీధివాళ్ళు మంచివాళ్ళు. తిట్టి ఒప్పుకున్నారు. ఒకాయన, "పిల్లకి పేరెట్టినట్టు రోజుకోటి పిలుత్తన్నావు నూకరత్నం, ఏది కుదిరితే అదుంచు," అన్నాడు. అన్ని ఇళ్ళూ అయిపోయి మా ఇంటికి వచ్చాను.

"నాను మారను," అంది అత్త.

"మొన్న మారినావు గదా అత్తా?"

"మొన్న మారినాను. ఇనుకో. పుట్టినప్పుడు ఎనభై ఎనిమిది పోలమ్మని. మనువాడితే రెండొందల పదిహేడైనాను. మొన్న నువ్వు జరగమంటే రెండొందల నలభై తొమ్మిది. ఇప్పుడు నూటెనభై అయిదంటన్నావు. మీ మావ పుట్టినకాడ్నించి పోయినదాకా ఒకటే పేరు. ఆడదానికే ఎందుకే ఇన్ని పేర్లు?"

"మొన్న నానూ మారినానే అమ్మా," అన్నాడు తాతారావు, వల బాగుచేసుకుంటూ.

"రెండ్రోజులు మారినాడంట, సూడు! సాల్లే కూకో. ఒలే రత్నం, నాది నాకు తిరిగిచ్చీ. రెండొందల పదిహేడు. ఇంక మారను."

రెండొందల పదిహేడు ఇప్పుడు తెప్పవాళ్ళకు ఇచ్చే ముక్కలో పడుతుంది. మా వీధి తీగ మీద ఆ నంబరు బతకదు. ఎంత చెప్పినా వినలేదు. ఒక్క ఇల్లు వద్దన్నా వీధి కదలదు, ఆ ఒక్క ఇల్లూ నాదే అయింది. కోపంతో ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మాటలో అబద్ధం లేకపోవడం అంతకన్నా మండించింది. నన్ను పన్నెండు నుంచి రెండొందల పదిహేడుకు మార్చిన రోజున నీకు సమ్మతమేనా అని అడిగినవాళ్ళు లేరు.

చతుర్దశి

పొద్దున్నే టగ్గు కనిపించింది. దాని వెనక తెప్ప, తెప్ప మీద ఆరేసిన బట్టలు. రంగులు కూడా తెలుస్తున్నాయి. రేడియోలో చెల్లి, "అప్పా, మీ దీపస్తంభం అగుపిత్తంది! ఎక్కడ కట్టమంటావు?" అని అడిగింది. కాసేపాగి చెబుతానన్నాను. వంటింట్లోకి పోయి కూర్చుని ఏడ్చాను. అత్త చేపలు తోముతోంది. నా వంక చూడలేదు.

"నీ సెల్లోళ్ళ తెప్పకి ఏ నంబర్లిత్తన్నావు?"

"ఇంకేటి ఇచ్చేది అత్తా? ఇచ్చుంటే నూట తొంభై మూడు కాడ్నించి రెండొందల యాభై నాలుగు దాకా. అరవై రెండు."

"ఆళ్ళ ఇళ్ళెన్ని?"

"యాభై. తెప్పలోకి తీగొచ్చే గేటుకొకటి."

"మరి పదకొండు మిగుల్తాయి గదా. రెండొందల పదిహేడు అందులో ఉంటాదా?"

"ఉంటాది."

"అది ఎవులికీ ఇవ్వకు. నానెల్తాను."

నాకు అర్థం కాలేదు. అత్త కత్తిపీట పక్కన పెట్టి చెయ్యి కడుక్కుంది.

"ఒక తీగ మీద ఒకే వీధని నువ్వే అన్నావు. రెండొందల పదిహేడు ఏ తీగ మీద బతుకుతాదో ఆ తీగ కాడికే నడు. మన ఇల్లు మాత్రం నేల మీద కట్టినారేటి? తాడిప్పితే కదులుతాది. పేరు మార్చుకోను, ఇల్లే మారుత్తాను. ఈ ఈధిలో మన ఇల్లే లేకపోతే, మరింక ఒద్దన్నదెవులు?"

నేను లేచి ఆవిడ మెడ వాటేసుకున్నాను. చేపల నీళ్ళ చేతులతోనే నన్ను అవతలకు నెట్టింది.

"నీ సెల్లి కోసం అనుకునేవు. నా పేరు కోసం ఎల్తన్నాను."

గురువులు మావ పరిగెత్తుకొచ్చాడు. ఊరివాళ్ళ ఇల్లు ఒకటి పరాయి తెప్పకు కట్టడం ఎప్పుడైనా విన్నామా అన్నాడు. తప్పని ఎక్కడుందో చెప్పమంది అత్త. ఆయన తలగోక్కుని, ఎక్కడా లేదని ఒప్పుకున్నాడు. మధ్యాహ్నానికి వీధి మొత్తం నూట అరవైలోకి మారిపోయింది. తాతారావు మా ఇంటికి తాడు కట్టి, తెప్ప ఆగబోయే రేవు దాకా పడవతో లాగాడు. అత్త గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని, దారి పొడుగునా అందరికీ చెయ్యి ఊపింది. ఊరేగింపు కూడా ఇంత బాగా జరగదు.

పౌర్ణమి

పోటు మీద తెప్ప వచ్చి రేవుకు ఆనింది. టగ్గువాడు గొలుసు వదిలేశాడు. మావాళ్ళు తాళ్ళు అందుకున్నారు, నేను తీగ అందుకున్నాను. మాస్కు వేశాను, నంబర్లు ఒక్కొక్కటే ఇచ్చాను. దండోరా వేస్తే యాభై ఇళ్ళలోనూ దీపాలు వెలిగాయి, తెప్ప పక్కన ఆనుకున్న మా ఇంట్లోనూ వెలిగింది. అన్ని ఇళ్ళ కుళాయిల్లోనూ నీళ్ళు బుసబుసమన్నాయి. ఎవరో ముసలాయన ఆ నీళ్ళు దోసిట్లో పట్టుకుని తాగకుండా అలా చూస్తూ నిలబడిపోయాడు.

చెల్లి తెప్ప నుంచి రేవుకు వేసిన పలక దాటి వచ్చింది. లావయింది. నేనూ అయ్యాను. ఇద్దరం ఒకరినొకరం పట్టుకుని ఏడిస్తే పిల్లలు భయపడ్డారు. నేను గొంతులుగా ఎరిగిన ఆ ఇద్దరిలో చిన్నదానికి ముందు పన్ను ఊడి ఉంది. ఈ సంగతి రేడియోలో ఎవరూ చెప్పలేదు.

చెల్లికి ఏ నంబరివ్వాలో నన్ను ఆలోచించనివ్వలేదు అత్త. "రెండొందల పద్దెనిమిది ఇచ్చీ. నా పక్కన నోరున్న మనిషుండాలి," అంది.

కొత్తవాళ్ళు బెరుగ్గా గుమ్మాల్లో నిలబడ్డారు. మూడూళ్ళు పొమ్మన్నవాళ్ళకు రమ్మంటే నమ్మకం కుదరదు. ఏం ముట్టుకోవచ్చో, ఎవరిని ఏం అడగొచ్చో తెలియక ఊరికే నవ్వుతున్నారు.  ఇంతలో వీధి మొత్తం మోగింది. అత్త మా ఇంటి మైకు పట్టుకుని దండోరా నంబరు నొక్కింది.

"కొత్త ఈధోళ్ళూ, ఇనండి. నాను రెండొందల పదిహేడు పోలమ్మని. ఈ ఈధికి పాతదాన్ని నానొక్కదాన్నే, ఏం కావాలన్నా నన్నే అడగాల. ఇయాల ఎవులూ పొయ్యి ఎలిగించకండి, పులుసు నానెడతన్నాను. గిన్నెలు మీరు తెచ్చుకోండి, నా కాడ లేవు."

 మొదట చెల్లెలి చిన్నది, ముందు పన్ను లేనిది, తన ఎత్తున్న గిన్నె ఒకటి రెండు చేతులా మోసుకుంటూ మా గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. దాని వెనక గిన్నెలతో వీధంతా బయల్దేరింది.